విస్తరి మీద సీతాకోకచిలుకలు

శరభయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, అది ఎన్నాళ్ళుగా మనసులో ఉందని ముందు ఆయనే ఎదురు ప్రశ్న వేస్తారు. నిన్ననే తోచిందంటే ఇంకో వారం ఉంచుకోమని పంపేస్తారు. వారం తర్వాత మళ్ళీ వచ్చేవాళ్ళు పదిమందిలో ఇద్దరుంటారు. ఆ ఇద్దరినైనా కూర్చోబెట్టి జవాబు చెబుతారా అంటే అదీ లేదు. కూరగాయలకు వెంట తీసుకెళ్తారు, కరెంటు బిల్లు కట్టడానికి తీసుకెళ్తారు. దారిలో ఏదో ఒకటి జరుగుతుంది, చివర్లో ఆయన ఒక్క ముక్క అంటారు. ఆ ముక్క పట్టుకుని మనం జుట్టు పీక్కోవాలి. హైదరాబాదులో ఒక పాత కాలనీలో ఆయన ఇల్లు. ఒకప్పుడు హైస్కూల్లో తెలుగు పండితుడు. భార్య పోయాక ఒక్కరే వండుకు తింటూ, ఆదివారాలు మాలాంటి ఏడెనిమిది మందికి ఉపనిషత్తులు చెబుతుంటారు. ఇంటి వెనక వరండాకీ, కాలనీ పార్కుకీ మధ్య ఒక ఇనుప కంచె తప్ప అడ్డం ఏమీ లేదు. ఆ వరండాలోనే మా పాఠం. మాలో ఎవరికీ జ్ఞానోదయమైన దాఖలా లేదు గానీ, ఓపిక మాత్రం బాగా పెరిగింది.

ఇప్పుడు చెప్పబోయేది రెండోసారి లాక్‌డౌన్ పెట్టిన వైశాఖంలో జరిగింది. ఆ పొద్దున నేను అక్కడ లేను. మాస్టారి దగ్గర కొంత, పద్మలీల గారి దగ్గర కొంత విడివిడిగా విన్నాను. ఇద్దరూ ఒకేలా చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను.

ఆ రోజులు ఎలాంటివో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. ఫోను మోగితే ఎత్తాలంటే భయం. వాట్సాప్ తెరిస్తే దండ వేసిన ఫోటోలు, వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు. అంబులెన్సు కూత ఎంత అలవాటైపోయిందంటే, అది వినిపించని గంటలో ఏమైందోనని చెవులు రిక్కించేవాళ్ళం. పొద్దున కాసేపు సరుకులకు వదిలేవారు, తర్వాత రోడ్లన్నీ మూత. పార్కుకి కూడా తాళమే. కానీ మన దేశంలో పెద్ద గేటుకి తాళం పడితే ఎక్కడో చిన్న గేటు తెరుచుకుంటుంది. కాలనీ సంఘం వాళ్ళ దగ్గర పక్క గేటు తాళం చెవి ఉంది. తెల్లవారాక కొద్దిసేపు, కాలనీ వాళ్ళకి మాత్రమే, మాస్కులతో, ఎడంఎడంగా అని చెప్పి తెరిచేవారు.

పద్మలీల గారు స్కూల్లో బయాలజీ టీచరు. మా పాఠానికి తప్పకుండా వచ్చే మనిషి. మొదటి రోజుల్లో ఒక గదిలో తలుపులన్నీ వేసుకుని, రోజుకు నాలుగుసార్లు వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టుకుని, బతికి ఉన్నానా లేదా అని చూసుకునేదట. ఆవిడని ఆ గదిలోంచి బయటికి లాగింది ఆ పార్కే. తోటమాలులు రాక చాలా రోజులైంది. కత్తెర పడని కంచె మొక్కలు ఇష్టమొచ్చినట్టు పెరిగాయి, గడ్డి మోకాలెత్తు లేచింది. పీకేసేవాళ్ళు లేక జిల్లేళ్ళు మూలమూలలా మొలిచాయి. వాటి ఆకుల మీద చారల చారల గొంగళిపురుగులు, కొన్నాళ్ళకి వాటిలోంచి సీతాకోకచిలుకలు. రేల చెట్టు పసుపుగా విరగబూసింది. దాని చుట్టూ నిమ్మపండు రంగు రెక్కలు వందలకొద్దీ. పట్టపగలు ముంగిస నడిదారిలో నడిచేది. జెముడుకాకి ఎర్ర కళ్ళు తిప్పుకుంటూ, ఈ పార్కు నాదే అన్నట్టు తిరిగేది.

సీతాకోకచిలుకలకి తెలుగులో వేరే వేరే పేర్లు దొరకలేదని ఆవిడ తనకు తెలిసిన విద్యతో పేర్లు పెట్టింది. అంటే చీరల పేర్లు. నల్లటి ఒంటి మీద లేత నీలం మచ్చలున్నది పోచంపల్లి. నారింజ రంగుకి నల్లంచు, అంచులో తెల్ల బుటీలు ఉంటే గద్వాల. ఎండుటాకు రంగులో ఉండి, రెక్క విప్పితే కన్నులాంటి చుక్క కనబడేది నారాయణపేట. ఇది మాత్రం ఎప్పుడో గానీ కంటబడేది కాదు, దానికోసం ఆవిడ పొదల దగ్గర గొంతుక్కూర్చుని కాచుకునేది. రోజూ ఫోటోలు తీసి కాలనీ గ్రూపులో పెట్టేది. చేతులు జోడించిన బొమ్మల మధ్య ఆ రెక్కలు చూసి జనానికి ప్రాణం లేచొచ్చేది. నాకు సీతాకోకచిలుకకీ చిమ్మటకీ తేడా తెలియదు, అయినా నేనూ వాటికోసం ఎదురుచూసేవాణ్ణి. ఒకరోజు ఆవిడ గుప్పెడు మొలకెత్తిన పెసలు తెచ్చి, ఎండిపోయిన ఫౌంటెను గట్టు మీద పోసింది. మర్నాడు ఇంకొకరు బ్రెడ్డు తెచ్చారు. ఆ తర్వాత బూంది, చపాతీలు, రాత్రి మిగిలిన అన్నం. హోటళ్ళూ మాంసం కొట్లూ మూతబడి ఆకలితో నకనకలాడుతున్న కాకులు చుట్టుపక్కల బస్తీలన్నీ వదిలేసి అక్కడికే చేరాయి. తెల్లారితే చాలు, ఆ గట్టు దగ్గర పెళ్ళిపందిరి సందడి.

ఆ సందడిలోంచి ఒకనాటి పొద్దున ఆవిడ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. వరండాలో మాస్టారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు.

"మాస్టారూ, బయట ఇంతమంది పోతున్నారు. నాకు ఈ పార్కులోకి వస్తే సంతోషంగా ఉంటోంది. మామూలు సంతోషం కాదు, చిన్నప్పుడు కూడా ఇంత లేదు. ఇది తప్పా?"

"ఎన్నాళ్ళుగా ఉందమ్మా ఈ ప్రశ్న?"

"మొదటి రోజు నుంచీ."

మాస్టారు చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టారు. "అయితే రేపు నేనూ పార్కుకి వస్తాను," అన్నారు. లాక్‌డౌన్ పెట్టాక ఆయన అందులో అడుగుపెట్టడం అదే మొదలు.

మర్నాడు ఇద్దరూ వెళ్ళేసరికి పక్క గేటు దగ్గర గొడవ. ముప్ఫై దాటిన మనిషి, మాసిన గడ్డం, మెడలో కండువా, రెండు చేతుల్లో గుడ్డ కప్పిన విస్తరి. వాచ్‌మన్ యాదయ్య గేటుకి అడ్డంగా కర్ర పెట్టి నిలబడ్డాడు. ఆ వచ్చినవాడి పేరు లింబాద్రి. పార్కు వెనక బస్తీలో ఉంటాడు, ఇళ్ళకు రంగులు వేస్తాడు. తల్లి కరోనాతో పోయింది. ఆ రోజు ఆమె దినాలు.

వాళ్ళ వైపు ఆచారం చాలామందికి తెలిసిందే. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, ఆరుబయట ఉంచి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముడితే పోయిన ప్రాణం తృప్తిపడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, మన మీద అలిగిందని లెక్క. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

"చెరువు కాడికి పోతే పోలీసోల్లు తిప్పి పంపిన్రు," అంటున్నాడు లింబాద్రి. "బిల్డింగు మీదికి ఎక్కుతనంటే ఓనరు వద్దన్నడు. మా బస్తీల ఒక్క కాకి లేదు. రోజూ పొద్దుగాల ఈ పార్కులకెల్లి కాకుల సప్పుడు ఇనవడుతది. గందుకే వచ్చిన అన్నా. పది నిమిషాలు. పెట్టి పోత."

"కాలనీ వాళ్ళకే అన్నరు. పైంగ కరోనా ఇల్లు మీది. నా నౌకరి పోతది," అన్నాడు యాదయ్య. అతని గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

మాస్టారు ముందుకు వెళ్ళి, "రానీ యాదయ్యా, నా మనిషే," అన్నారు.

"ఏమైతడు సార్ మీకు?"

"నాకూ తల్లి లేదు," అన్నారు మాస్టారు. యాదయ్య కర్ర పక్కకి తీశాడు.

మాస్టారి వరండాకి ఎదురుగా, కంచెకి ఇవతల పార్కులో ఒక సిమెంటు బెంచీ ఉంది. లింబాద్రి దాన్ని కండువాతో తుడిచి విస్తరి పెట్టాడు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర, బెల్లం ముక్క, చెక్కు తీసిన మాగిన మామిడిపండు. "కల్లు దొరకలే అమ్మా, తప్పు వట్టకు," అని విస్తరితోనే చెప్పాడు. పది అడుగులు వెనక్కి నడిచి, చేతులు జోడించి, తలెత్తి "కా... కా..." అని పిలిచాడు.

ఏ కాకీ రాలేదు. కాకులు లేకనా? ఫౌంటెను గట్టు మీద నల్లగా కిక్కిరిసి ఉన్నాయి. వాటి చుట్టూ జనం, జనం చేతుల్లో ఫోన్లు. లింబాద్రి మళ్ళీ పిలిచాడు. ఒక కాకి తల తిప్పి ఇటు చూసి, మళ్ళీ బ్రెడ్డు ముక్క మీద పడింది. కాసేపటికి అతను మొక్కులు మొదలుపెట్టాడు. కాకి రానప్పుడు అలా మొక్కుతారు. "చెల్లెను మంచిగ జూసుకుంట అమ్మా... నాయినకు ఏం తక్కువ చెయ్య... తాగుడు బంద్ జేస్త, నీ మీద ఒట్టు..." ఒక్కొక్క మాటా చెప్పి, ఆగి, ఆకాశం వైపు చూస్తున్నాడు. చెప్పడానికి ఇంకేమీ మిగలక, చివరికి అసలు మాట బయటికి వచ్చింది. "నీ మొకం జూడలే. తప్పే అమ్మా. తప్పే."

అప్పుడు విస్తరి మీద ఏదో వాలింది. ఎండుటాకు రంగు, రెక్కల మీద కన్నులాంటి చుక్క. దాని వెనకే ఇంకొకటి, ఇంకో మూడు. మాగిన మామిడి వాసనకి పొదల్లోంచి బయటికొచ్చి, పండు మీద కూర్చుని, గొట్టంలాంటి నాలుక చాపి రసం పీలుస్తున్నాయి. పద్మలీల గారు ఎన్ని పొద్దులో గొంతుక్కూర్చుని ఎదురుచూసిన నారాయణపేట చీరలు అరడజను ఒక్కచోట. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే ఫోను మీదికి పోయిందట. ఈ మాట ఆవిడే చెప్పింది. అంతలో లింబాద్రి పరుగెత్తుకొచ్చి కండువా విసిరాడు. పిట్ట ముట్టకముందు పురుగు ముట్టకూడదు. ఒకటి దెబ్బ తగిలి బెంచీ కింద పడి, ఒక పక్క రెక్కతోనే గిరగిరా తిరిగింది. మిగిలినవి లేచి, రెండు క్షణాలకి మళ్ళీ అక్కడే వాలాయి. అతను మళ్ళీ కొట్టాడు. కొడుతూ ఏడుస్తున్నాడు.

ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఆ కాకుల్ని అక్కడికి చేర్చింది తను. వాటి చప్పుడు విని అతను ఇక్కడికి వచ్చాడు. వాటి కడుపులు నింపిందీ తనే. ఆవిడ ఫౌంటెను దగ్గరికి ఉరికింది. "ఇవాళ్టికి ఆపండి, దయచేసి ఏమీ వెయ్యకండి," అంది. పాపం ఎవరూ కాదనలేదు, సంగతి తెలిసి అందరూ సంచులు మూసేశారు. కానీ కాకులు అప్పటికే తిని ఉన్నాయి. ఒకటి చపాతీ ముక్కని ఎవరో పెట్టిన నీళ్ళ మూకుడులో ముంచుకుని ఆడుకుంటోంది. వాటిని ఎలాగైనా బెంచీ వైపు తోలాలని ఆవిడ చప్పట్లు కొట్టింది. కొంగు విసిరింది. అవి గుంపంతా ఒక్కసారిగా లేచి, కావుమని గోల చేస్తూ, బెంచీ మీదుగానే ఎగిరి, రోడ్డు దాటి ఎటో వెళ్ళిపోయాయి. అప్పుడే నడకకి వచ్చిన ఒక పెద్దమనిషి, "ఏమ్మా, ఫోటో కోసం పక్షుల్ని బెదరగొడతారా?" అని కోప్పడ్డాడు. చేతులారా చేసుకోవడం అంటే ఇదే.

తిరిగి వచ్చి లింబాద్రికి ఉన్నదున్నట్టు చెప్పింది. "మీ అమ్మకి కోపం వచ్చి కాదయ్యా. వాటికి మేం పెట్టాం. కడుపు నిండి రాలేదు. తప్పు మాది."

అతను ఆవిడ వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. "మీరు పుణ్యమే జేసిన్రమ్మా. గని రావాల్ననుకున్న తల్లి కడుపు నిండిన కాకిల గూడ వస్తది. మా అమ్మ అలిగింది. అలుగుతది మరి. దవాఖానకెల్లి ఫోన్ జేసింది, 'కిటికీ కాడికన్న రా బిడ్డా, ఒక్కపాలి జూస్త' అన్నది. రోడ్ల మీద కొడుతున్నరని భయపడ్డ. తెల్లారి పోదమనుకున్న. తెల్లారేసరికి..." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ప్లాస్టిక్ల చుట్టిచ్చిన్రు. మొకం జూపియ్యలే."

యాదయ్య ఈల వేశాడు. పార్కు మూసే వేళైంది. లింబాద్రి విస్తరి తియ్యబోయి ఆగాడు. తీస్తే పని అక్కడితో అయిపోతుంది, ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి? "సారు, ఇది ఈడనే ఉండనియ్యిండ్రి. ఎప్పుడన్న ముడుతది కావొచ్చు," అని మాస్టారిని వేడుకున్నాడు. ఊడవనని యాదయ్య మాట ఇచ్చాడు. లింబాద్రి పద్మలీల గారి నంబరు తీసుకున్నాడు. "ముడితే ఒక్క ఫోన్ జెయ్యి అమ్మా. మా నాయిన షుగర్ మనిషి. పిట్ట ముట్టందే మెతుకు ముట్టనని కూసున్నడు. జల్ది ముడితే బాగుండు." గేటు దాటేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు.

ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. ఇంట్లోవాళ్ళకి ఫోను చేసి, మీరు భోజనాలు కానిచ్చెయ్యండని చెప్పి, మాస్టారి వెనక వరండాలో కూర్చుంది. కంచె కమ్మీల మధ్యనుంచి బెంచీ కనిపిస్తోంది. ఆ పక్కనే మాస్టారు విసనకర్రతో కూర్చున్నారు. ఆ రోజు ఆయన పొయ్యి వెలిగించలేదు.

ఎండ ముదిరింది. రోడ్డు మీద పోలీసుల మైకు వినిపించి ఆగిపోయింది. మనుషులు లేని పార్కు అంత అందంగా ఉంటుందని ఆవిడకి అంతవరకు తెలియదు. రేల పువ్వులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. గడ్డి మీద పోచంపల్లులు, జిల్లేళ్ళ మీద గద్వాలలు గాలికి ఆరేసినట్టు ఆడుతున్నాయి. తేనెపిట్ట ఒకటి కంచె మీదికి వచ్చి, ఆవిడ మొహంలోకి చూసి పోయింది. నిన్నటిదాకా ఇందులో పదో వంతు కనబడినా ఆ రోజంతా తబ్బిబ్బయ్యేది. ఇప్పుడు అవేవీ కంటికి ఆనడం లేదు. నల్లరెక్క ఒక్కటి కావాలి. బతుకులో ఎన్నడూ ఆవిడ ఒక కాకి కోసం ఇలా కళ్ళు కాయలు కాసేలా చూసింది లేదు. విస్తరి మీద ఆ ఎండుటాకు రంగువి మాత్రం కదలకుండా కూర్చుని తాగుతూనే ఉన్నాయి. "ఛీ, పొండి," అని కంచెలోంచి చెయ్యి చాపి అదిలించింది. చెయ్యి అందలేదు. వాటి మీద అంత అసహ్యం తనలో ఎక్కడి నుంచి వచ్చిందో అని ఏడుపొచ్చింది.

ఒక ఉడుత వచ్చి కాస్త అన్నం తిన్నది. తర్వాత గోరింక ఒకటి బెంచీ మీద వాలి, విస్తరి అంచున రెండు మెతుకులు పొడిచింది.

"గోరింక కూడా పిట్టేగా మాస్టారూ. ముట్టినట్టు కాదా?"

"నాకైతే చాలు," అన్నారు మాస్టారు.

ఆవిడకి చాలదని, లింబాద్రికి అసలే చాలదని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం లింబాద్రి ఫోను చేశాడు. ఇంకా లేదయ్యా అంది. మీ నాన్నకి ముందు అన్నం పెట్టు, ప్రాణం ముఖ్యం, నా మాట విను అంది. "నేను ఇంటనమ్మా, ఆయన ఇనాలె గద," అన్నాడు. ఎండ బెంచీ మీదికి వచ్చింది. అన్నం పైన గట్టిపడి పెచ్చు కట్టింది, మామిడిపండు నల్లబడింది. దూరంగా ఎక్కడో కాకి అరిచింది. ఇద్దరూ తలలెత్తారు. ఆ అరుపు ఇంకా దూరమైంది.

నీడలు సాగుతున్న వేళ ఫోను మళ్ళీ మోగింది. ఈసారి లింబాద్రి గొంతు వేరేగా ఉంది. "అమ్మా, నాయినకు చెమటలు వడుతున్నయి. పండుకుండు, లేస్తలేడు. పాలన్న తాగు అంటే మొకం గోడ దిక్కు తిప్పుకున్నడు. 'అది తినంది నేనెట్ల తింట' అంటుండు. ముట్టలేదా అమ్మా? ఇంకా ముట్టలేదా?"

ఆవిడ బెంచీ వైపు చూసింది. దాని మీద రెక్కలు ముడుచుకున్న సీతాకోకచిలుకలు తప్ప ఏమీ లేవు.

"ఉండు," అంది. "ఉండు లింబాద్రీ, ఫోను పెట్టెయ్యకు. ఇదిగో... వచ్చింది."

అవతల లింబాద్రి ఎవరినో ఊరుకోమన్నాడు.

"ముట్టిందయ్యా. ముట్టింది."

"ఒక్కటేనా అమ్మా? ఎటుకెల్లి వచ్చింది?"

చీరల పేర్లు పెట్టి, ఏ రెక్క మీద ఏ చుక్క ఉందో రోజూ ఊరందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు లేని కాకిని చెప్పడం మొదలుపెట్టింది. "ఒక్కటే. దక్షిణం దిక్కు నుంచి వచ్చింది. వెంటనే ముట్టలేదు. బెంచీ మీద వాలి, ఇటు చూసింది, అటు చూసింది, అంతా ఒకసారి కలయజూసింది. అప్పుడు వచ్చి తిన్నది. అన్నమే తిన్నది."

లింబాద్రి మెల్లగా అన్నాడు.

"మా అమ్మ గంతే అమ్మా. ఇంట్ల గూడ అందర్ని ఒక్కపాలి జూసుకున్నంకనే ముద్ద నోట్ల పెట్టేది."

అతను ఫోను కట్ చెయ్యడం మరిచిపోయాడు. "నాయినా, ముట్టింది, అమ్మ తిన్నదట," అని అరుస్తూ లోపలికి పరుగెత్తడం వినిపించింది. స్టీలు కంచాలు చప్పుడయ్యాయి. పిల్లలెవరో నీళ్ళు కావాలని అడిగారు. ఒక ముసలి గొంతు పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు ఆగి, ఎవరో కలిపి పెడుతుంటే నములుతున్న చప్పుడు వినిపించేదాకా ఆవిడ ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. తర్వాత తనే కట్ చేసింది.

ఫోను ఒళ్ళో పెట్టుకుని మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, అబద్ధం చెప్పాను. చచ్చిపోయిన తల్లి పేరు మీద, దినాల రోజున, నమ్మినవాడితో చెప్పాను. రేపు ఎప్పుడైనా తెలిస్తే అతను ఏమైపోతాడు? తెలియకపోయినా, ఆ తల్లికి నేనేం జవాబు చెప్పాలి? తప్పు చేశానా?"

మాస్టారు విసనకర్ర కింద పెట్టారు.

"నిన్నా తప్పా అనే అడిగావు. ఆ ప్రశ్నలో నువ్వొక్కదానివే ఉన్నావమ్మా," అన్నారు.